సగం సైకిల్

సరే, క్యారియర్ లేదు. ఒప్పుకుంటున్నా. స్టాండు లేదు, గంట లేదు, మడ్‌గార్డు లేదు, చైను మీద మూత కూడా లేదు. అంతమాత్రాన అది సగం సైకిల్ అయిపోతుందా? గుట్టలెక్కడానికి చేసిన గేర్ల సైకిల్‌కి క్యారియర్ ఎందుకుంటుంది? దాని మీద ఉల్లిగడ్డల బస్తా వేసుకుని పోతారా ఎవరైనా?

ఈ ముక్క మా మామతో ఎన్నిసార్లు అన్నానో నాకే తెలియదు. పోయిన నెల మామ చచ్చిపోయాడు. ఎదుటివాడు లేడు కాబట్టి ఈసారైనా వాదనలో గెలుస్తాననుకున్నా. ఎక్కడ! నేను నోరు తెరిచేలోపే నా బుర్రలో కూర్చుని, వేలితో టక్కుమని కొట్టి, "క్యారియర్ లేదు గదా అల్లుడా" అంటున్నాడు. చచ్చినా నోరు మూయని మనుషులుంటారని విన్నాను గాని, మా ఇంట్లోనే ఉంటారనుకోలేదు.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. సిద్దిపేట బజారులో గిన్నెల దుకాణం. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు ఫలానా ఊళ్ళో పుట్టి, కష్టపడి పైకొచ్చి అని మొదలుపెట్టాలంటారు. అది ఎవరైనా మంచివాళ్ళు రాసుకోవచ్చు. ఆయన ఎట్లా పైకొచ్చాడో నాకు తెలియదు. అసలు పైకొచ్చాడా అన్నది కూడా నాకు అనుమానమే. నాకు తెలిసిందల్లా ఆయన వేలి కణుపు.

కుడిచేతి నడిమి వేలు మడిచి, ఆ కణుపుతో కొట్టేవాడు. బిందె కొనడానికి ఎవరైనా వస్తే, దాన్ని ఒక్కటి కొట్టి, తల వంచి ఆ మోత విని, "ఇనవడ్డదా?" అని అడిగేవాడు. ఏం వినబడాలో మాత్రం చెప్పేవాడు కాదు. వచ్చినవాళ్ళు కూడా ఏదో గొప్ప సంగతి తెలిసిపోయినట్టు తలూపి, ఆ బిందెనే కొనుక్కుపోయేవాళ్ళు. బిందెలతో ఆగితే ఎవరికీ బాధ లేదు. పుచ్చకాయ, కొత్త కుర్చీ, పక్కింటివాళ్ళ తలుపు, దవాఖానకు పోతే డాక్టరు బల్ల, దేన్నయినా కొట్టి వినాల్సిందే. నేను మొదటిసారి హెల్మెట్ పెట్టుకుని ఆయన ఎదుట నిలబడితే, నా నెత్తి మీద రెండు సార్లు కొట్టి, చెవి ఆనించి విన్నాడు.

"ఖాళీ," అని తేల్చాడు, గిరాకీలందరికీ వినబడేట్టు. "లోపట సరుకేం లేదు."

ఆ దుకాణంలో గల్లాపెట్టెకు తాళం ఉండేది కాదు. ఫోనుకు ఉండేది. డయలు తిరగకుండా చిన్న ఇత్తడి తాళం. సెలవులకు నేను దిగుతున్నానని తెలిసిన రోజే అది డయలెక్కేది. ఎందుకంటే మా ఇంట్లో నన్ను వెతకాలంటే అందరూ ఫోను దగ్గరికే వస్తారు. దోస్తులతో మాట్లాడకపోతే నాకు అన్నం దిగదు, అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. కాని తాళం వేస్తే ఆగిపోయేవాణ్ణయితే నేను పట్నంలో ఎందుకు పెరిగినట్టు? రిసీవరు పెట్టే మీట ఉంటుంది కదా, దాన్ని వేలితో టపటపా కొడితే నంబరు పోతుంది. ఒకటికి ఒక దెబ్బ, సున్నాకు పది దెబ్బలు. మామ ఒకరోజు చూశాడు. తిట్టలేదు. బజారంతా చెప్పాడు.

"మా అల్లునికి డప్పు కొట్టుడు వస్తది. ఫోన్‌ల కొడ్తడు. పట్నందాక ఇనవడ్తది."

ఇక దూరం. దూరానికి ఆయన దగ్గర ఒక్కటే కొలత, "గీడనే", అంటే ఇక్కడే. దుకాణం వెనక సందు గీడనే. ప్రజ్ఞాపూర్ గీడనే. కాశీ కూడా గీడనే, జర రైలెక్కాలె. ఈ గీడనేని నమ్మి నడిచినవాళ్ళ చెప్పులన్నీ పోగేస్తే ఆయన గిన్నెలు మూసేసి చెప్పుల దుకాణం పెట్టుకోవచ్చు.

అయితే ఒక్క విషయంలో మాత్రం ఆయనతో వేళాకోళం నడిచేది కాదు. అది పిలుపు. ఇంట్లో ఏ శుభకార్యమున్నా అత్తను సైకిల్ క్యారియర్ మీద పక్కకు కూచోబెట్టుకుని, ఆమె చేతిలో కుంకుమ భరిణె పెట్టి, ఇంటింటికీ తిరిగేవాడు. అత్త లోపలికి పోయి ఆడవాళ్ళకు బొట్టు పెట్టేది. ఆయన గడప దగ్గర నిలబడి, "అందరు రావాలె" అని ఒక్క మాట అనేవాడు. ఫోనున్న ఇళ్ళకు కూడా ఇదే. ఎదురింటికి కూడా ఇదే, అదీ సైకిల్ మీదే. ఫోన్లో చెబితే ఏం పోతుందని నేనడిగితే, "పిలుపుకు నోరుంటె సాలదు అల్లుడా, కాళ్ళుండాలె" అనేవాడు. అంత గొప్ప మాట అన్నాక ఆ వేలి కణుపుతో గాల్లోనే ఒక దెబ్బ కొట్టుకునేవాడు, తన మాట మోత తానే వినడానికి.

ఇంత పట్టింపున్న మనిషి ఒక్కసారి తప్పాడు. కొత్తింట్లోకి దిగేటప్పుడు జ్వరమొచ్చి, వాళ్ళక్కను పిలవడానికి పోలేక, ఆ ఊరికి పోతున్న ఎవరితోనో చెప్పి పంపాడు. అక్క అంటే మాకు పెద్దమ్మ, వాళ్ళ ముగ్గురిలో పెద్దది. నంగునూరు దాటాక, గుట్టల మీద ఒక పల్లెలో ఉంటుంది. ఆమె రాలేదు. "చెప్పొచ్చినోనికే బువ్వ పెట్టుకోమనుండ్రి" అని తిరుగు కబురు వచ్చింది. అంతే, ఆ తరవాత ఏళ్ళ తరబడి రాకపోకల్లేవు, మాటల్లేవు. మామకు కోపం తెచ్చుకునే దారి కూడా లేదు. ఏమని తెచ్చుకుంటాడు? తప్పు ఆయన చెప్పిన నీతి ప్రకారమే తప్పు.

అట్లాంటిది, మామ బిడ్డకు పెళ్ళి కుదిరింది. మా ఇళ్ళల్లో పెళ్ళికి పసుపు దంచేటప్పుడు రోట్లో మొదటి పోటు మేనత్త వెయ్యాలి. మా అమ్మ కూడా మేనత్తే. "అక్క ఉండంగ నేను రోకలి ముట్ట," అని ఆమె పట్నం నుంచే తెగేసి చెప్పింది. అంటే పెద్దమ్మ గుట్ట దిగకపోతే రోకలి లేవదు. అప్పటికి పసుపు దంచడానికి మూడు రోజులే ఉంది.

సరిగ్గా అదే సమయానికి నేను నా కొత్త గేర్ల సైకిల్‌ను బస్సు మీద వేసుకుని సిద్దిపేటలో దిగాను. దిగినవాణ్ణి ఊరుకోవచ్చు కదా. దుకాణం ముందు నిలబెట్టి, కాదు, స్టాండు లేదు కాబట్టి గోడకు ఆనించి, గేర్లు ఎట్లా మారతాయో చూపించి, ఎంత ఎత్తు గుట్టయినా మెత్తగా ఎక్కేస్తుందని చెప్పాను. మామ దాని కడ్డీని కణుపుతో కొట్టి విన్నాడు.

"అయితే రేపు నాతోని రా. అక్కను పిలువ పోతున్న."

"ఎంత దూరం?"

ఏమన్నాడో మీకు తెలుసు.

"మామా, ఆ ఊరి పోస్టాఫీసుల ఫోనుందట గదా. ఒక్క ఫోన్ కొడితే అయిపోతది," అన్నాను. తన బల్ల మీద ఎవరో సొట్టగిన్నె తెచ్చిపెట్టినట్టు చూశాడు నన్ను.

పొద్దున్నే బయలుదేరాం. ఆయన నల్లసైకిల్ క్యారియర్ మీద కొత్త స్టీలు బిందె పెట్టి పాత ట్యూబుతో బిగించి కట్టాడు, అక్కకు కానుక. కుంకుమ భరిణె జేబులో వేసుకున్నాడు. అత్త గడపలో నిలబడి, "నేను రానా మరి?" అని అడిగింది.

"నువ్వేడికి? క్యారియర్ మీద బిందె ఉన్నది గద. మేమిద్దరం పోయొస్తం."

అత్త లోపలికి పోయింది. పోతూ కొంచెం నవ్వింది. ఆ నవ్వు ఖరీదు నాకు మధ్యాహ్నానికి తెలిసింది.

నంగునూరు దాకా తారు రోడ్డు. దారిలో కనబడ్డ ప్రతి మనిషికీ మామ సైకిల్ దిగి మరీ నన్ను చూపించాడు. "మా అక్క కొడుకు. పట్నం. గేర్లున్నయి." గేర్లు నాకున్నాయో సైకిల్‌కున్నాయో అర్థంకాక వాళ్ళు నన్ను కింది నుంచి పైదాకా చూశారు. నంగునూరు దాటి బండ్లబాట ఎక్కగానే అసలు కథ మొదలైంది. ఎర్రటి మొరం, మధ్యమధ్య గుండ్రాళ్ళు, రెండు పక్కలా సీతాఫలం పొదలు, నెత్తిమీద ఎండ. మొదటి గుట్ట కింద నేను చిన్న గేరు వేసి, ఒళ్ళంతా వంచి తొక్కడం మొదలుపెట్టాను. కాళ్ళు గిరగిరా తిరుగుతున్నాయి, సైకిల్ మాత్రం పెళ్ళికూతురిలా నడుస్తోంది. సగం ఎక్కాక వెనక టైరు మొరంలో జారింది. పడ్డాను. లేచి మళ్ళీ ఎక్కాను. మళ్ళీ పడ్డాను. మామ గుట్ట కిందనే సైకిల్ దిగి, ఏమాత్రం సిగ్గులేకుండా నెట్టుకుంటూ, పెళ్ళికి ఎవరు ఏ కూర తింటారో చెప్పుకుంటూ నడిచి వచ్చాడు. ఇద్దరం ఒక్కసారే పైకి చేరాం. అంటే అన్ని గేర్లూ, రెండు పడటాలూ ఖర్చుపెట్టి నేను సంపాదించిన వేగం, కూరల గురించి మాట్లాడుతూ నడిచే మనిషి వేగం.

"గిదే ఆఖరి గుట్ట," అన్నాడు.

ఆఖరి గుట్టలు ఆ రోజు చాలానే ఎక్కాం. ఒక దగ్గర బాట రెండుగా చీలింది. మామ ఆలోచించకుండా ఎడమకు తిప్పాడు. అది పోయి పోయి ఒక రాతిబండ దగ్గర ఆగిపోయింది. అక్కడ మేకలు మేపుతున్న ముసలమ్మను అడిగాడు, "అవ్వా, ఊరెటు?"

"గీడనే కొడుకా," అంది ఆమె, ఒక్క వేలితో ఆకాశాన్నంతా చూపిస్తూ.

మామ నా వైపు గెలిచినవాడిలా చూశాడు. నాకు హెల్మెట్ తీసి బండకేసి కొట్టాలనిపించింది. "గీడనే అంటే ఏడ? దారి తప్పినం అని ఒప్పుకో ముందు!" అని అరిచాను. మేకలన్నీ తలెత్తి చూశాయి. మామ చల్లగా, "తప్పలే అల్లుడా. గీ బాట గూడ ఉన్నదని తెలిసింది," అన్నాడు.

ఇక దిగుడు. చివరి గుట్ట నిజంగా చివరిదే అయినప్పుడు, అవతలి వైపు బాట ఒక్కసారిగా కిందికి పడిపోయింది. మామ సైకిల్ బ్రేకులు సగంలోనే చేతులెత్తేశాయి. ఆయన కాలి చెప్పును ముందు టైరుకు ఆనించి ఆపబోయాడు. చెప్పు ఎగిరి పొదల్లో పడింది. సైకిల్ ఒక రాయి మీద ఎగిరేసరికి ట్యూబు తెగి, బిందె దూకేసి, టంగు టంగుమంటూ ఆయన కంటే ముందు గుట్ట దిగడం మొదలుపెట్టింది.

"అల్లుడా, బిందె!"

నా సైకిల్ పుట్టింది దీనికోసమే అనుకుంటా. దాని వెంట పడ్డాను. రాళ్ళ మీద, గుంతల మీద, పొదల్లోంచి, బిందె ఎటు తిరిగితే అటు. ఆ మోతకు కింది పొలంలో మనుషులు పని ఆపి చూస్తున్నారు. పల్లె మొదట్లో వాగు ఒడ్డున బిందెను దాటి, అడ్డంగా సైకిల్ పెట్టి ఆపాను. బ్రేకులు ఒక్కసారి కూడా తప్పలేదు, రాసిపెట్టుకోండి. మామ ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి దుమ్ముతో వచ్చి, బిందెను తిప్పి చూశాడు. పొట్టమీద పిడికిలంత సొట్ట. నాకో శభాష్ చెబుతాడనుకున్నా. కణుపుతో బిందెను కొట్టి విని, "మోత మంచిగనే ఉన్నది," అని బిందెకు చెప్పాడు.

పెద్దమ్మ ఇంటి ముందు మంచం వాల్చింది. పెదనాయన అరుగు మీద చుట్ట కాలుస్తున్నాడు. ఆయన ఆ తగాదాలో ఏ పక్షానా లేడు, చుట్ట పక్షం. మామ మంచం మీద, పెద్దమ్మ గడపలో. ఇద్దరి మధ్యా చెయ్యి చాపినంత దూరం.

"బిడ్డా, మీ మామ నీళ్ళు తాగుతడా అడుగు," అంది పెద్దమ్మ నాతో.

"అల్లుడా, తాగుత అని చెప్పు," అన్నాడు మామ నాతో.

"ఎట్లొచ్చిండో అడుగు."

"సైకిల్ మీద అని చెప్పు."

"ఒక కాలు చెప్పు ఏది అని అడుగు."

"గుట్టల పోయిందని చెప్పు."

ఎప్పుడూ ఫోను చేతిలో పెట్టుకుని తిరుగుతానని ఏడిపించిన మనిషి, ఆ రోజు నన్నే ఫోను చేసి వాడుకున్నాడు. తాళం కూడా వేయకుండా. అన్నం పెట్టిందాకా, తిన్నదాకా ఇట్లాగే నడిచింది. చివరికి మామ జేబులోంచి కుంకుమ భరిణె తీసి మంచం మీద పెట్టాడు.

"మీ పెద్దమ్మతోని చెప్పు అల్లుడా. ఎల్లుండి పసుపు దంచుతున్నం. పెండ్లికి రావాలె. అక్క రాంది రోకలి లేవది."

పెద్దమ్మ భరిణెను చూసింది. నన్ను చూసింది. తరవాత మెడ చాచి వాకిట్లోకి చూసింది.

"ఎనకంగ ఇంకెవలన్న వస్తున్నరా బిడ్డా?"

"లేదు పెద్దమ్మా. మేమిద్దరమే."

"మరి బొట్టెవలు పెడ్తరు?"

పెదనాయన నోట్లోంచి చుట్ట తీశాడు. ఆ రోజుకు ఆయన చేసిన మొదటి పని అది. ఊరందరికీ పిలుపు గురించి పాఠాలు చెప్పే మనిషి, ఇన్ని గుట్టలు దాటి, భరిణె తెచ్చుకున్నాడు గాని, అందులో కుంకుమ తీసి బొట్టు పెట్టాల్సిన ఆడమనిషిని ఇంట్లో వదిలేసి వచ్చాడు.

"మీ అత్త కూసునే కాడ ఏం కూసుండవెట్టిండో అడుగు."

నేను అడగక్కర్లేదు. బిందె ఎదురుగానే ఉంది.

"గట్లనా," అంది పెద్దమ్మ. "అయితే ఆ బిందెనే పెట్టుమను బొట్టు."

ఇక ఆగలేకపోయాను. మంచం మీద నుంచి లేచి గట్టిగానే అడిగేశాను. "పెద్దమ్మా, నా మోకాలు చూడు, తోలు లేదు. ఆయన చెప్పు పోయింది. ఇన్ని గుట్టలు ఎక్కి వచ్చి రమ్మంటున్నం. ఇది పిలుపు గాకపోతే ఇంకేంది పిలుపు?"

ఆమెకు కోపం రాలేదు. అందుకే నాకు ఇంకా మండింది. "నువ్వెందుకు గరమైతవ్ బిడ్డా? పోయినసారి కబురొచ్చింది, మనిషి రాలె. ఈసారి మనిషొచ్చిండు, బొట్టు రాలె. మల్లొక్కసారికి అన్ని ఒస్తయేమో. నేను యాడికి పోత? గీడనే ఉంట."

బిందెను ఆమె లోపల పెట్టలేదు. మేమూ తిరిగి తీసుకోలేదు. అది అరుగు మీదే ఉండిపోయింది.

వచ్చేటప్పుడు మామ కూరల గురించి మాట్లాడలేదు. ఎవరికీ నా గేర్లు చూపించలేదు. ఒక గుట్ట మీద ఉన్నట్టుండి సైకిల్ పక్కన పడుకోబెట్టి రాయి మీద కూచున్నాడు. చెప్పులేని కాలును చూసుకుంటూ, "మీ అత్త అడిగింది అల్లుడా. రానా అని అడిగింది," అన్నాడు. ఇంకేమంటాడోనని చూస్తున్నా. తలెత్తి నా సైకిల్ వంక చూశాడు.

"నీ దానికి క్యారియర్ ఉంటె బిందె నీ దాని మీద వచ్చేది. మీ అత్త నా దాని మీద వచ్చేది. సగం సైకిల్ పట్టుకొచ్చినవ్ పట్నం నుంచి."

వినండి. తప్పు ఎవరిది, మాట ఎవరికి? ఆ గుట్ట మీదే మొదలైంది ఈ వాదన. సిద్దిపేట చేరేదాకా అరుస్తూనే ఉన్నాను. అరుస్తూ ఉంటే దారి తెలియలేదు, అది వేరే సంగతి.

మర్నాడు దుకాణం మూసి, బ్రేకులు బాగుచేయించి, అత్తను క్యారియర్ మీద ఎక్కించుకున్నాడు. నేనూ పోయాను. నన్ను ఎవరూ రమ్మనలేదు, కాని బొట్టు పెట్టాక ఆ పెద్దమ్మ ఇంకేం వంక పెడుతుందో చూడాలిగా. దారి పొడుగునా నా సైకిల్ మోసిన బరువు ఒక కుంకుమ భరిణె. అన్ని గేర్లకూ కలిపి అదొక్కటే పని. గుట్ట రాగానే అత్త దిగి నడిచేది, దిగుడు రాగానే ఎక్కేది. మొరంలో నేను ఒక్కసారే పడ్డాను. "నిన్నటికి నయం," అంది అత్త.

పెద్దమ్మ చేతులు కడుక్కుని వచ్చి, గడపలో నిలబడింది. అత్త బొట్టు పెట్టింది. పెద్దమ్మ అరుగు దగ్గరకు పోయి, రాత్రంతా బయట పడున్న బిందెను ఎత్తింది. చుట్టూ తిప్పింది. సొట్ట దగ్గర ఆగింది. అప్పుడు, నా వైపు కాదు, తిన్నగా తమ్ముడి వైపు తిరిగింది.

"ఏమిరా? గిన్నెల దుకాణం పెట్టుకోని అక్కకు సొట్టబిందె తెస్తవారా?"

ఏళ్ళ తరవాత మొదటి మాట ఇది. మామ ముఖం చూడాల్సింది. ఎవరో పట్టుశాలువా కప్పినట్టు వెలిగిపోయింది.

"సొట్ట గాదక్కా. గుట్ట దిగొచ్చింది," అని కణుపుతో బిందె మీద ఒక్కటి కొట్టాడు. "ఇనవడ్డదా?"

పెద్దమ్మ తల వంచి నిజంగానే విన్నది. "ఇనవడ్డది తియ్," అంది.

పసుపు రేపే కాబట్టి ఇప్పుడే వస్తానంది. పెదనాయన పెళ్ళినాటికి చుట్టలతో సహా వస్తానన్నాడు. ఇక లెక్క చూడండి. ఆడవాళ్ళిద్దరు, క్యారియర్ ఒక్కటి. అందరూ నా సైకిల్ వంక చూశారు. ఎవరూ ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే నాకు ఎక్కువ కాలింది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దమ్మ క్యారియర్ ఎక్కింది. అత్తా నేనూ బండ్లబాట పొడుగునా నడిచాం. నా గేర్ల సైకిల్ హ్యాండిల్‌కు పెద్దమ్మ బట్టల మూట వేలాడింది.

ముందు మామ సైకిల్ పోతోంది. ఎక్కుళ్ళలో ఆయన దిగి, అక్కను దిగనివ్వకుండా నెడుతున్నాడు. పెద్దమ్మ తిడుతోంది. కొత్తింటి నాటి కబురు దగ్గర మొదలుపెట్టింది. జ్వరమొస్తే చెప్పి పంపుతవా అంది. జ్వరం తగ్గినంక కాళ్ళు పడిపోయినయా అంది. చిన్నప్పుడు నీ కోసం నేను తిన్న దెబ్బలు అంది. మామ "ఔ అక్కా... ఔ అక్కా" అంటున్నాడు. గుట్ట మలుపు తిరిగితే వాళ్ళు కనబడరు, తిట్లు మాత్రం వినబడతాయి. నంగునూరులో బస్సు ఎక్కించబోతే ఆమె ఎక్కలేదు, ఇంకా అయిపోలేదంది. అత్తను బస్సెక్కించాం. పెద్దమ్మ తిట్లతోనే సిద్దిపేట దాకా వచ్చింది.

ఆ సాయంత్రం నేను మామను అడిగాను, దారంతా అన్ని మాటలు ఎట్లా పడ్డావని.

"ఫోనైతే పెట్టేస్తవ్ అల్లుడా. సైకిల్ మీద చెవులు తీసి యాడ పెడ్తవ్?" అన్నాడు, కాళ్ళు వేణ్ణీళ్ళలో పెట్టుకుని. ఆయన ఏడుస్తున్నాడో ఆవిరో నేను పట్టించుకోలేదు. మర్నాడు రోకలి లేచింది.

ఆ తరవాత ఆయన మారాడా? ఏమీ మారలేదు. నేను ఎప్పుడు పోయినా బజారులో, "సగం సైకిలోడొచ్చిండు" అనేవాడు. పోయిన దసరాకు నా కొత్త సెల్ ఫోను చూపించాను. ప్రజ్ఞాపూర్ దాటితే దానికి సిగ్నల్ ఉండదు, అయినా చేతిలోంచి దింపను. తీసుకుని, కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "లోపట ఎవలు లేరు," అన్నాడు. ఆయన అన్న మాటల్లో నిజమైంది అదొక్కటే.

చావు కబురు ఆ ఫోనుకే వచ్చింది. పెళ్ళికి పిలిస్తే పోవాలె, చావుకు తెలిస్తే పోవాలె అని ఆయనే అనేవాడు, కాబట్టి ఆ కబురుకు కాళ్ళు లేకపోయినా పోయాను. పెద్దమ్మా వచ్చింది, జీపు మాట్లాడి పంపితే. దినాలు అయిపోయాయి. ఆమెను ఊళ్ళో దింపాలి. ఈసారి జీపు దొరకలేదు. నంగునూరు దాకా బస్సుంది. ఆ పైన బండ్లబాట ఎట్లా ఉండేదో అట్లాగే ఉంది. రోడ్డెప్పుడొస్తుందని అడిగితే అక్కడివాళ్ళు గీడనే వస్తున్నదంటారు.

మామ నల్లసైకిల్ ఎప్పుడో మూలపడింది. టైర్లను ఎలుకలు కొట్టేశాయి, చైను తుప్పుపట్టింది. క్యారియర్ మాత్రం గట్టిగా ఉంది. దాన్ని విప్పించి నా గేర్ల సైకిల్‌కు బిగించమంటే, మెకానిక్ నన్ను అదోలా చూశాడు. "సైకిల్ ఖరాబైతది సార్." కానివ్వు అన్నాను. అది అతకదు, సరిపోదు, కొంత బోల్టులతో, కొంత తీగతో కట్టాడు. చూడ్డానికి సూటు మీద తలపాగా చుట్టినట్టుంది.

నంగునూరులో పెద్దమ్మను దాని మీద ఎక్కించుకున్నాను. ఎక్కుళ్ళలో దిగి నెట్టాను, ఆమెను దిగనివ్వలేదు. మొదటి గుట్ట ఎక్కాం. తరవాత నా నడుముకున్న ఫోనును వెనక నుంచి టక్కుమని కొట్టింది. అదే వేలు, అదే కణుపు. వాళ్ళకు ఎవరి నుంచి వచ్చిందో మరి.

"గిది మోగదా బిడ్డా?"

"ఈడ మోగదు పెద్దమ్మా."

అప్పుడు మొదలుపెట్టింది. "పిలుపుకు కాళ్ళుండాలె అన్నడు గద వాడు? పోయేటోడు ఒక్కసారి వచ్చి చెప్పిపోవద్దా? నాకంటె చిన్నోడు. నాకంటె ముందు పోతడా? నన్నెట్ల మరిసిండు?" నా వీపుకు చెబుతోంది. నా వీపు ఎవరి వీపు అనుకుంటోందో నాకు తెలుసు. దిగుళ్ళలో బ్రేకులు పట్టుకుని, ఎక్కుళ్ళలో నెట్టుకుంటూ, "ఔ పెద్దమ్మా... ఔ" అంటూ పోయాను. చెవులు తీసి ఎక్కడా పెట్టలేకపోయాను.

ఆ క్యారియర్‌ను నేను విప్పలేదు. పట్నంలో నాతో సైకిల్ తొక్కే దోస్తులు దాన్ని చూసి పడీపడీ నవ్వుతున్నారు. గేర్ల సైకిల్ పరువు తీశావంటున్నారు. మామ గెలిచాడని నేనిప్పటికీ ఒప్పుకోను, అది మా ఇద్దరి సంగతి, మేం తేల్చుకుంటాం. కాని నవ్వేవాళ్ళను ఒక్కటి అడుగుతున్నా. మీ సైకిళ్ళ మీద మీరు కాకుండా ఇంకో మనిషి ఎప్పుడైనా కూచున్నారా? వెనక నుంచి అన్ని తిట్లు పడుతూ ఒక్క గుట్టయినా ఎక్కారా? లేకపోతే, ధైర్యముంటే నా ముందుకొచ్చి చెప్పండి, సగం సైకిల్ ఎవరిది?